పద్దెనిమిది సార్లు ‘ఎప్పుడూ లేదు’

ఎడారి దేశంలో, అబూ హలీఫా అనే ఊళ్ళో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, మూడో అంతస్తులో కాపురముంటున్న నాగేంద్రప్రసాద్ వృత్తిరీత్యా సేఫ్టీ ఆఫీసరు. వృత్తిరీత్యా అనడం మర్యాద కోసం. నిజానికి మనిషి పుట్టుకతోనే సేఫ్టీ ఆఫీసరు. విజయవాడలో చదువుకునే రోజుల్లో రిక్షా ఎక్కే ముందు చక్రం ఊపి చూసేవాడట. ఇప్పుడు షువైఖ్‌లో ఒక పెద్ద వర్క్‌షాపులో రెండొందల మంది కాళ్ళూ చేతులూ సాయంత్రానికి ఎవరివి వాళ్ళకే ఉండేలా చూడటం అతని పని. ఆ పని చాలా బాగా చేస్తాడు. ఆ సంగతి అడక్కపోయినా అతనే చెబుతాడు.

అలాంటివాడికి దేవుడు అమృతని ఇచ్చాడు.

అమృతకి తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి చదువుతోంది అంటారు గానీ, చదివేది ఒక పేజీ అయితే తిరిగేది పది పేజీలు. స్కూలు బస్సులో అందరి టిఫిన్ బాక్సులూ ఒకరివి ఒకరికి మార్చేసి, ఎవరిది ఎవరు తింటే బాగుంటుందో చూద్దామనిపించింది అంటుంది. ఒక కాలికి తన బూటు, రెండో కాలికి ఇంకెవరిదో బూటు వేసుకుని ఇంటికొస్తుంది. మంచినీళ్ళ కోసం వెళ్ళి కుళాయి తిప్పి, గ్లాసు నిండేలోపు కింద హారిస్ గదిలో పిల్లి ఈనిందన్న సంగతి గుర్తొచ్చి మూడంతస్తులు దిగిపోతుంది. హారిస్ అంటే బిల్డింగు వాచ్‌మన్. అతని పిల్లులన్నిటికీ పేర్లు పెట్టింది అమృతే. ఏడు పిల్లుల పేర్లూ తడుముకోకుండా చెబుతుంది, ఏడో ఎక్కం మాత్రం మూడో మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

నాగేంద్రప్రసాద్ ఈ సమస్యని తనకి తెలిసిన పద్ధతిలోనే ఎదుర్కొన్నాడు. వర్క్‌షాపు గేటు దగ్గర ‘ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు’ అని ఒక బోర్డుంటుంది. అలాంటిదే చిన్నది చేయించి ఫ్రిజ్ మీద అంటించాడు. ఆ బోర్డు మీద ఇంతవరకు పడిన పెద్ద అంకె నాలుగు. అందులో మూడు రోజులు అమృతకి జ్వరం. వర్క్‌షాపులో పొద్దున్నే పనివాళ్ళని వరసగా నిలబెట్టి ఆ రోజు ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో అయిదు నిమిషాలు చెబుతాడు కదా, ఇంట్లోనూ అదే మొదలెట్టాడు. ఆరింటికి పిల్లని హాల్లో నిలబెట్టి, ఈరోజు మూడు ప్రమాదాలున్నాయి, ఒకటి నీళ్ళ సీసా మూత, రెండు మెట్లు, మూడు లెక్కల పీరియడ్ అని చెప్పేవాడు. అమృత మొదటిది శ్రద్ధగా వినేది. రెండోది వచ్చేసరికి, అంత పెద్ద క్రేను గాలికి ఎందుకు పడదని అడిగేది. అది అతనికి ఇష్టమైన విషయం. తండ్రీకూతుళ్ళు క్రేను బరువూ దాని కాళ్ళూ మాట్లాడుకుంటూ ఉండగా కింద బస్సు వెళ్ళిపోయేది.

సలహాలకేం కొదవలేదు. పై అంతస్తు రమాదేవి ఒంటె పాలు పట్టించమంది. విజయవాడ నుంచి అతని భార్య కుముదిని వాళ్ళమ్మ సరస్వతి ఆకు పొడి పంపింది. డాన్స్ క్లాసులో చేర్చితే టీచరమ్మ రెండు వారాలు ఓపిక పట్టి, అమ్మాయి తన అడుగులే కాక పక్కవాళ్ళ అడుగులు కూడా తనే వేస్తోందని నమస్కారం పెట్టి పంపేసింది. అందరి సలహాల్లోనూ చివరికొచ్చేసరికి ఒకే మాట వినిపించేది, తల్లి ఉద్యోగానికి వెళ్తే పిల్లలింతేనని. కుముదిని ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియను. ఆ మాట విన్న ప్రతిసారీ నవ్వేసేది, వంటింట్లోకి వెళ్ళాక గిన్నెలు గట్టిగా పెట్టేది.

ఇలా ఉండగా ఒక గురువారం స్కూలువాళ్ళు ఇద్దర్నీ పిలిచారు. అక్కడి కౌన్సెలరు లెక్కల పరీక్ష పేపరు వాళ్ళ ముందు పెట్టింది. మొదటి రెండు లెక్కలు ముత్యాల్లా ఉన్నాయి. మూడో లెక్క సగంలో ఒక చేప ఉంది, చేపకి పొలుసులన్నీ ఉన్నాయి. ఆ తరవాత పేపరంతా ఖాళీ. అమ్మాయి తెలివైనదనీ, ఇది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడం, కావచ్చుననిపిస్తోందనీ, పిల్లల డాక్టరుకి చూపించి రిపోర్టు తెస్తే ముందు బెంచీలో కూర్చోబెట్టి, పరీక్షలో అదనంగా టైమిచ్చి, పక్కన ఒక మనిషిని పెడతామనీ ఆవిడ నెమ్మదిగా చెప్పింది. రిపోర్టు లేకపోతే మాత్రం అయిదో తరగతి సీటు గురించి మాట ఇవ్వలేమంది.

కారెక్కగానే కుముదిని ఏడ్చింది. దిగులుతో కాదు. ఇన్నేళ్ళకి ఒక మనిషి తన పెంపకాన్ని అనకుండా ఇంకో కారణం చెప్పింది, అందుకు. నాగేంద్రప్రసాద్ మాత్రం ఎర్ర లైటు దగ్గర ఆగి ఒకటే అడిగాడు, ఆ రిపోర్టు ఎక్కడెక్కడికి వెళ్తుందని.

కుముదిని ఆ రోజే వాకబు చేసి డాక్టర్ సుల్తానాని పట్టుకుంది. కర్నూలావిడ, తెలుగులో మాట్లాడొచ్చు. బుధవారం పొద్దున రమ్మని, ఈలోపు నింపమని ఆవిడ రెండు ఫారాలు పంపింది, తల్లికొకటి, తండ్రికొకటి. ఒకరిది ఒకరు చూసుకోకూడదు. పద్దెనిమిది ప్రశ్నలు. వస్తువులు పోగొట్టుకుంటుందా, కూర్చోమన్నచోటి నుంచి లేచిపోతుందా, మొదలెట్టిన పని మధ్యలో వదిలేస్తుందా, ఇలాంటివి. ఒక్కోదానికి నాలుగు గళ్ళు. ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాగేంద్రప్రసాద్ బల్ల ముందు కూర్చుని, స్కేలు పక్కన పెట్టుకుని, పద్దెనిమిదింటికీ ‘ఎప్పుడూ లేదు’ గడిలో టిక్కు పెట్టాడు. రెండు నిమిషాల పని.

అతన్ని అబద్ధాలకోరు అనుకుంటే తప్పు. ఎడారి దేశంలో పదిహేనేళ్ళుగా ఫారాలు నింపుతున్న మనిషి. ఇక్కడ ఏ ఫారమైనా సరే, రోగాలున్నాయా అంటే లేవు, కేసులున్నాయా అంటే లేవు, ఇంతకు ముందెప్పుడైనా అంటే ఎప్పుడూ లేదు. చెయ్యి దానంతటదే ఆ గడికి పోతుంది. అదీగాక అతనికో పాత దెబ్బుంది. మొదటిసారి వచ్చినప్పుడు మెడికల్‌లో ఎక్స్‌రే తీస్తే గుండె పక్కన తెల్లగా ఒక చుక్క కనిపించింది. మళ్ళీ రమ్మన్నారు. ఈలోపు ఇరవై రోజులు అన్నం సహించలేదు, అన్‌ఫిట్ ముద్ర పడితే తిరుగు విమానమేనని కలలొచ్చేవి. తీరా చూస్తే ఆ చుక్క, వాళ్ళమ్మ కట్టిన తాయెత్తు. చొక్కా విప్పమన్నప్పుడు విప్పాడు, తాయెత్తు మాత్రం అమ్మ తియ్యొద్దంది కదా అని వీపు వైపు తిప్పుకున్నాడు. చుక్క పోయింది గానీ ఆ ఇరవై రోజులు పోలేదు.

కుముదిని అతని ఫారం చూడకూడదు. చూసింది. భర్త రెండు నిమిషాల్లో ఏ ఫారమూ నింపడని ఆమెకి తెలుసు.

“ఇదేంటండీ, రక్తంలో నీళ్ళు కలిపి టెస్టుకి పంపినట్టు” అంది.

నాగేంద్రప్రసాద్ ఒంటికాలి మీద లేచాడు. ఈ దేశంలో మనిషికొక నంబరు, ఆ నంబరు కొడితే అన్నీ బయటికొస్తాయి, రేపు ఇక్కడుండటానికి పిల్లకిచ్చిన ఇఖామా రెన్యువల్‌కి వెళ్తే కంప్యూటర్లో ఈ పేరు కనబడి ఎవడో ఒకడు వేలు పెట్టి ఇదేంటని అడుగుతాడు, అప్పుడేం చెబుతావన్నాడు. ఇది అంటురోగం కాదు కదా అంది కుముదిని. రాసేవాళ్ళకి తెలుసు, చదివేవాడికి తెలియొద్దా అన్నాడు. పిల్లకేం లేదు, కాస్త గట్టిగా చెబితే వింటుంది, మనమే గారం చేశాం అని కూడా అన్నాడు. ఆ చివరి మాట దగ్గర కుముదిని చూసిన చూపు బోర్డు మీద రాయదగ్గ ప్రమాదమే. ఆమె తన ఫారం నింపి, కవరులో పెట్టి అంటించి, ఆ సాయంత్రం మాట్లాడలేదు.

ఆదివారం వర్క్‌షాపులో ఓబులేసు సంగతి బయటపడింది.

ఓబులేసుది కడప దగ్గర పల్లె. గ్రైండింగ్ మిషను మీద పనిచేస్తాడు. పదిరోజుల కింద చిటికెన వేలు తెగితే గుడ్డ చుట్టుకుని, పైన గ్లౌజు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా పని చేసుకుంటున్నాడు. ఆదివారం గ్లౌజు తియ్యమంటే తియ్యలేకపోయాడు. వేలు వంకాయలా ఉంది. నాగేంద్రప్రసాద్ ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెప్పించాడు.

“ఆ రోజే ఎందుకు చెప్పలేదయ్యా?” అన్నాడు.

“చెప్పినానంటే మీరు కాగితం రాస్తారు గద సార్. ఆ కాగితం వీసా ఇచ్చిన కఫీల్ కాడికి పోతాది. ఆయప్ప ఖలాస్, ఊరికి పో అనేస్తాడని గమ్మునుండిపోయినా.”

నాగేంద్రప్రసాద్ అక్కడికక్కడే అందర్నీ పోగుచేసి అరగంట మాట్లాడాడు. దాచిన దెబ్బే పెరుగుతుందని, కాగితం రాసేది పనివాణ్ణి పంపడానికి కాదు, వాడికి కట్టు కట్టించడానికని, మొదటి రోజే చెప్పుంటే మందు పూస్తే పోయేదానికి ఇప్పుడు వేలుంటుందో ఊడుతుందో డాక్టరు చెప్పాల్సి వస్తోందని చెప్పాడు. భయపడి నిజం దాచేవాడికి తను ఎలా సాయం చెయ్యగలడని అడిగాడు. రెండొందల మంది కదలకుండా విన్నారు. అంతమందిలోనూ ఆ ఉపన్యాసం చెవికెక్కించుకోనివాడు నాగేంద్రప్రసాద్ ఒక్కడే. ఓబులేసు వేలు దక్కింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఈ పనివాళ్ళకి ఎంత చెప్పినా భయం పోదని కుముదినితో వాపోయాడు. ఆమె అతని వైపు చాలాసేపు చూసి, అవునండీ అంది.

బుధవారం వచ్చింది. కుముదిని ల్యాబు నుంచి నేరుగా క్లినిక్కి వస్తానంది. నాగేంద్రప్రసాద్ అమృతని కార్లో వెనక కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, బెల్టు లాగి చూసి, కాగితాల ఫైలు వెనక సీట్లోనే దాని పక్కన పెట్టి బయలుదేరాడు. పొద్దుటి ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. నలభై నిమిషాల దారి.

మామూలుగా ఆ నలభై నిమిషాల్లో అమృత ఎనభై ప్రశ్నలు వేస్తుంది, కిటికీ అద్దం ముప్ఫైసార్లు దించుతుంది. ఆ రోజు ఒక్క ప్రశ్న లేదు. అద్దం కదల్లేదు. నాగేంద్రప్రసాద్ నమ్మలేక తన ముందున్న చిన్న అద్దంలో వెనక సీటు చూశాడు. పిల్ల తల దించుకుని బుద్ధిగా కూర్చుంది. అతని ఛాతీ పొంగింది. ఇదిగో, చూశావా, ఏముంది దీనికి అని మనసులోనే కుముదినితో వాదన గెలిచేశాడు. డాక్టరుకి చెప్పాలని టైము కూడా గుర్తుపెట్టుకున్నాడు. ఇరవై ఆరు నిమిషాలు.

డాక్టర్ సుల్తానా యాభై దాటిన మనిషి. అమృతకి రంగు పెన్సిళ్ళూ కాగితాలూ ఇచ్చి కిటికీ దగ్గర బల్ల చూపించింది. తరవాత రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు సరిచేసుకుంది. తల్లి ఫారంలో పద్నాలుగు ‘చాలా తరచుగా’లు ఉన్నాయి. తండ్రి ఫారంలో పద్దెనిమిది ‘ఎప్పుడూ లేదు’లు, స్కేలు పెట్టి గీసినట్టు, ఒకే వరసలో.

“మీరిద్దరూ ఉండేది ఒకే ఇంట్లోనేనా?” అని అడిగింది.

కుముదిని కిటికీ వైపు చూసింది. నాగేంద్రప్రసాద్ గొంతు సవరించుకుని తన భయమంతా చెప్పాడు, నంబరూ, కంప్యూటరూ, రెన్యువలూ, వేలు పెట్టి అడిగేవాడూ. ఆవిడ నవ్వలేదు, ఓపిగ్గా విని, ఈ కాగితాలు తన అలమర దాటి వెళ్ళవని, స్కూలుకిచ్చే రిపోర్టు కూడా తల్లిదండ్రుల చేతికే ఇస్తానని చెప్పింది. అయినా అతను తగ్గలేదు. భయం పోయినా పౌరుషం మిగిలింది.

“అది కాదు డాక్టరుగారూ, నిజంగానే పిల్లకేం లేదు. తను అనుకుంటే కూర్చోగలదు. ఇవాళ కార్లో ఇరవై ఆరు నిమిషాలు కదల్లేదు, మెదల్లేదు. చూస్తూనే ఉన్నాను కదా.”

కిటికీ దగ్గర పెన్సిలు ఆగింది.

“నేను కార్లో నీ కాగితం చదివా నాన్నా” అంది అమృత.

ముగ్గురూ అటు తిరిగారు. అమృత తల ఎత్తలేదు. బొమ్మకి రంగు వేస్తున్నట్టే ఉంది గానీ వెయ్యట్లేదు.

“అన్నిటికీ ఎప్పుడూ లేదు అని పెట్టావ్. అంటే నాకేం లేదనే కదా. మరి నాకేం లేకపోతే, నేను చేసేవన్నీ కావాలని చేస్తున్నట్టే కదా.”

అమృతే మళ్ళీ అంది. “కావాలని కాదు నాన్నా. ఆపుదామనే చూస్తా. చూసేలోపే అయిపోతుంది. రోజూ పొద్దున నువ్వు చెప్పినవి బస్సులో అనుకుంటూనే వెళ్తా. దిగేసరికి ఉండవు.”

నాగేంద్రప్రసాద్ తొమ్మిదేళ్ళుగా ఆ పిల్ల విరగ్గొట్టినవీ ఒలకబోసినవీ పోగొట్టినవీ అన్నీ రాసి పెట్టుకున్న మనిషి. వాటి వెనకాల ఆ పిల్ల రోజంతా ఆపుకోవాలని పెనుగులాడుతోందని ఒక్కసారీ అనుకోలేదు. తను కాపాడుతున్నానని అనుకుంటూ పెట్టిన ప్రతి టిక్కూ, నువ్వు బుద్ధి లేక చేస్తున్నావని దాని మొహాన రాసినట్టయింది. ఆదివారం ఓబులేసు గ్లౌజు తీస్తూ పెట్టిన మొహం గుర్తొచ్చింది. దెబ్బ కంటే దాచడమే ఎక్కువ కష్టపెట్టిన మొహం అది. సిగ్గేసింది. అతనికి జీవితంలో ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

“డాక్టరుగారూ, ఖాళీ ఫారం ఇంకోటుంటుందా?” అన్నాడు.

ఆవిడ సొరుగు తీసి ఇచ్చింది. కుముదిని తన పెన్ను ఇచ్చింది. శుక్రవారం నుంచీ అతనికి ఏదైనా చేతికివ్వడం అదే మొదలు. నాగేంద్రప్రసాద్ లేచి, కిటికీ దగ్గరికెళ్ళి, పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. ఆ కుర్చీ ఎంత బరువు మొయ్యగలదో చూసుకోకుండా కూర్చోవడం అతని చరిత్రలో లేదు.

“అమ్మూ, ఇది నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు చెప్పు, నేను రాస్తా.”

అమృత అనుమానంగా చూసింది. “తిట్టవు కదా?”

“తిట్టను.”

మొదలెట్టారు. వస్తువులు పోగొట్టుకుంటుందా అని చదివితే అమృత చాలా తరచుగా అని, ఈ నెలలో పోయినవన్నీ ఏకరువు పెట్టింది. అందులో సగం అతనికి తెలియనివే. తన కొలత టేపు కూడా ఉంది వాటిలో. అప్పుడప్పుడు అని పెడదామా అని బేరమాడబోతే, నాన్నా అంది గట్టిగా. చాలా తరచుగా అనే పెట్టాడు. మొదలెట్టిన పని మధ్యలో వదిలేస్తుందా అన్నదానికి, అది ఏ పనో బట్టి, చేపలైతే పూర్తి చేస్తా అంది. ఆ మాట కూడా చిన్న అక్షరాల్లో పక్కన రాసుకున్నాడు. మధ్యలో ఆమె రెండుసార్లు లేచి కిటికీలోంచి కింద రోడ్డు మీది క్రేను చూసొచ్చింది. అతను పెన్ను పట్టుకుని ఆగాడు, పిలవలేదు. “ఎదుటివాళ్ళు మాట్లాడటం పూర్తి కాకుండానే—” అని చదువుతుండగానే “చాలా తరచుగా” అనేసింది. డాక్టర్ సుల్తానా మొహం పక్కకి తిప్పుకుంది. కుముదిని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

రెండు నిమిషాల ఫారానికి ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. అయ్యాక అతను కాగితం తీసుకుని లేవబోతే అమృత చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇంకోటి రాయాలి. కావాలని కాదు అని.”

అతను కాగితం పై నుంచి కింద దాకా చూశాడు. దానికి గడి లేదు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో గడి దాటి ఒక్క అక్షరం రాయని మనిషి, పేజీ అడుగున ఖాళీ ఉన్నచోట, తెలుగులో, పెద్ద అక్షరాలతో ‘కావాలని కాదు’ అని రాశాడు. అమృత కూడబలుక్కుని చదువుకుని తలూపింది.

అతను ఇంకా పెన్ను దించలేదు. ఆ మాట కింద మరో వరస రాసి, కాగితం డాక్టరు చేతికిచ్చాడు.

సాక్షి: నాగేంద్రప్రసాద్, తండ్రి.